చావనివ్వని పగ

హేమక్కకు ఒక ఎంజైము మీద పగ. చెబితే జనం నవ్వుతారు. నవ్వనీ, వాళ్ళ సొమ్మేం పోయింది! ఆమె పక్క బల్ల మీదే పనిచేసే ఆరతిని నేను. నాకు ఒక్కనాడూ నవ్వు రాలేదు.

చెన్నైలో క్యాన్సర్ కణాల మీద పరిశోధన చేసే చిన్న ల్యాబు మాది. హేమమాలిని తొండియార్‌పేట మనిషి. వాళ్ళమ్మ మునెమ్మ అక్కడే ఇడ్లీ కొట్టు నడిపి కూతుర్ని ఎమ్మెస్సీ చదివించింది. ఆ తల్లికి రొమ్ములో గడ్డ వచ్చింది. కోసి తీసేశారు, పీడ విరగడైందనుకున్నారు. అదెక్కడ ఊరుకుంటుంది? వెన్నెముకలోకి పాకింది, ఊపిరితిత్తుల్లోకి పాకింది. పుట్టినచోటే పడి ఉంటే మునెమ్మ దక్కేది. ఒళ్ళంతా తిరగడం నేర్చింది కాబట్టే చంపింది, పాపిష్టిది.

ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీళ్ళు తీసేటప్పుడు, అందులోని కణాలను పరిశోధనకు ఇస్తారా అని డాక్టర్లు అడిగారు. మునెమ్మ కూతురివైపు తిరిగి, "పారబోసే నీళ్ళే గదా, ఎత్తుకోండి. మేయ్ హేమా, ఈ పాడు రోగం ఒళ్ళంతా ఎట్ట పాకిందో కనిపెట్టు. దాన్ని వదలబాకు," అంది. "వదలనమ్మా," అంది హేమక్క. ఆ నెలలోనే మునెమ్మ పోయింది.

హేమక్క వదల్లేదు. ఆ కణాలను పెంచి, వెతికి వెతికి, ఒక కైనేజ్ మీద అనుమానం పడింది. కైనేజ్ అంటే బయటి కబురును కణం లోపలికి చేరవేసే ఎంజైము. కబురు అందగానే అది ఊరుకోవాలి. మునెమ్మ కణాల్లో ఊరుకోలేదు. కాలింగ్ బెల్లు మీద పెట్టిన వేలు తీయని పోకిరిలా, "కదులు, కదులు" అని మోగిస్తూనే ఉంది. దాన్ని అణచే మందొకటి మా దగ్గర ఉంది. దానివల్ల పాకడం ఆగుతుందని రుజువు కావాలి.

పరీక్ష కష్టమైందేం కాదు. ప్లేటు అడుగున కణాలు చాపలా పరుచుకున్నాక మధ్యలో సన్నగా ఒక గీత గీకుతాం. పాకే గుణమున్న కణాలు మర్నాటికల్లా వచ్చి ఆ గీత పూడ్చేస్తాయి. మందు వేసిన ప్లేటులో గీత పూడకపోతే మనం గెలిచినట్టు.

హేమక్క ప్లేటులో గీత పూడలేదు. "చూడుమే ఆరతీ, అణిగిపోయింది!" అని నా భుజాలు పట్టి ఊపేసింది. మా ల్యాబు పెద్ద భాష్యంగారు వచ్చి మైక్రోస్కోపులో చూశారు. నీలిరంగు వేయమన్నారు. చచ్చిన కణాలైతే ఆ రంగు పీలుస్తాయి. ప్లేటు ప్లేటంతా నీలమైపోయింది.

"చచ్చినవి యాడికి నడుస్తాయమ్మా? మందెంత పోస్తివి?" అన్నారాయన.

వేయాల్సినదానికి పదింతలు పోసింది హేమక్క మహాతల్లి! "అవి కనపడతానే నా చెయ్యి ఆగలేదు సార్," అంది.

"విషం పోస్తే ఏదైనా చస్తాది. తప్పు ఆ ఎంజైముదేనని దీంతో ఎట్ట చెప్పేది? సుమ్మా కసి తీర్చుకుంటివి, అంతే. మీ అమ్మ కణాలు ఇంక ఒక్క సీసానే ఉండాది. దాన్ని వేరేవాళ్ళకిస్తా."

ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టి ఉన్న ఆ చిన్న సీసా చేజారితే, తల్లికిచ్చిన మాట గంగలో కలిసినట్టే. హేమక్క ఆయన దారికి అడ్డం నిలబడింది. "నాకే ఇయ్యండి సార్. కండిప్పా చంపను, ఒట్టు," అంది. ఆ "చంపను" అనడానికి ఆమె ఎంత గింజుకుందో నేను చూశాను.

భాష్యంగారు సీసా ఆమెకే ఇచ్చారు. ఇక అక్కణ్ణించి చూడాలి చోద్యం. తల్లిని తిన్న కణాలకు వెచ్చదనం తగ్గకుండా, బూజు పట్టకుండా, వేళకు పోషక ద్రవం మారుస్తూ బాలింత బిడ్డను సాకినట్టు సాకింది. సాకుతూనే నోటికొచ్చినట్టు తిట్టేది. "తిను, దొంగముండా, తిను. నిన్ను బతికించుకునే ఖర్మ పట్టింది నాకు."

ఉండబట్టలేక, "పాముకు పాలు పోస్తున్నావక్కా," అన్నాను.

"పోస్తా. కోరలు పీకాలంటే పాము బతికుండాల గదా!" అంది.

ఈసారి మందు కొలత ప్రకారమే వేసింది. మర్నాడు ముగ్గురం చూశాం. మందు వేయని ప్లేట్లలో గీత పూడిపోయింది. వేసినవాటిలో గీత గీకినట్టే ఉంది. వాటిలో ఒకదానికి నీలిరంగు వేస్తే, ఎక్కడో ఒకటీ అరా తప్ప కణాలు రంగు పీల్చలేదు. బతికే ఉన్నాయి. కదల్లేకుండా ఉన్నాయి. నాకు ఈల వేయాలనిపించింది.

"మనుషులకిచ్చే మందు కావాలంటే ఇంకా శానా దూరముండాది," అన్నారు భాష్యంగారు. "అయినా దొంగ దొరికినట్టే. సరి, ఆ ప్లేట్లు పారేసెయ్యమ్మా."

ఆయన వెళ్ళిపోయారు. హేమక్క మందు వేసిన ప్లేటొకటి మాత్రం పారేయలేదు. మైక్రోస్కోపు కింద పెట్టుకుని దాంతోనే మాట్లాడింది.

"మా అమ్మ కడాకు పక్క మీద ఒత్తిగిలను గూడా లేక పడుండె. ముఖం మీద ఈగ వాల్తే తోలుకోలేకపాయె. ఇంక నువ్వు పడుండు. చావబాకు."

అనేసి, మందు కలిపిన పోషక ద్రవం తెచ్చి పోసింది.