ఐదువేల పచ్చికాయలు

నా చిన్నప్పుడు మా మేనమామ లారీ బరువు కిలోల్లో కాదు, కొబ్బరికాయల్లో లెక్క. అది ఐదు టన్నుల బండి. ఎండుకాయ సుమారు కిలో తూగుతుంది కనక ఐదువేల కాయలు. ఆ పైన ఒక్కటి కూడా ఎక్కనిచ్చేవాడు కాదు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు. రాజోలు దగ్గర తోటలో, వాన వెలిసిన మర్నాడు, మంగళవారం, కాయలు ఎత్తుతున్నారు. మామయ్య లెక్క నాకప్పజెప్పి పని మీద వెళ్ళాడు. వందకో కాయ గుర్తుగా పక్కన పెట్టాలి. యాభై గుర్తులైతే లోడు నిండినట్టు. నలభై ఒకటో గుర్తు పెట్టాక, కాయలు మోసే కూలి మనిషి, నేను అత్తా అని పిలిచే ఆవిడ, గంప దించింది.

"ఇవి నిన్న దింపిన పచ్చికాయలండి పాపగారూ. మెడలు పడిపోతున్నాయి. ఇంక చాలని మావయ్యగారికి చెప్పండి."

"ఇంకా తొమ్మిది వందలు పడతాయి," అన్నాను, బళ్ళో పక్కపిల్ల లెక్క దిద్దినట్టు. మామయ్య వచ్చి యాభై గుర్తులూ చూసి, "ఆయ్, సరిపోయింది లెక్కల పంతులమ్మా!" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండి తీశాడు. అత్త మాట నేను ఆయనకు చెప్పలేదు.

కాలవగట్టు మీద కొంత దూరం వెళ్ళేసరికి ఎడమ చక్రాలు దిగబడి లారీ నీళ్ళవైపు ఒరిగింది. నా తలుపు కింద కాలవ. మామయ్య వైపు జరగబోతే బండి ఇంకో బెత్తెడు జారింది. ఆయన బ్రేకు మీంచి కాలు తీయలేదు. "కదలకమ్మా," అన్నాడు. ఆ గొంతులో వేళాకోళం లేదు.

లోడు మీద కూర్చుని వస్తున్న అత్తా, ఇద్దరు కూలీలూ గట్టు మీదికి దూకారు. అత్తే అరిచింది: "కాయలు కాలవలోకి తోసేద్దామండీ! ఎక్కడికి పోతాయి, తేలతాయి కదా. దిగువన తాడు అడ్డం కడితే సరి."

"తోసెయ్యండి!" అని మామయ్య నా వైపు తిరిగాడు. "నువ్వు లెక్కపెట్టు."

నన్ను కదలకుండా ఉంచడానికే ఆ పని చెప్పాడని పెద్దయ్యాక తెలిసింది. కిటికీ పక్కనుంచి ఒక్కో కాయ దబ్బున పడుతుంటే లెక్కపెట్టాను. పదిహేడు వందల దగ్గర, చక్రాల కింద కొబ్బరిమట్టలు పరిచాక, బండి మెల్లిగా గట్టెక్కింది.

దిగగానే అత్త నా ఒక చేతిలో గట్టున రాలిన ఎండుకాయ, రెండో చేతిలో పచ్చికాయ పెట్టింది. "ఇప్పుడు చెప్పండి పాపగారూ, రెండూ ఒకటేనా?" పచ్చికాయ చెయ్యి కిందికి వాలిపోయింది. కాయకి అరకిలో తేడా. ఐదువేలకి రెండున్నర టన్నులు. ఏడుస్తూ, ముందే అత్త అన్న మాట మామయ్యకు చెప్పేశాను. ఆయన తిట్టలేదు. "నేను మాత్రం ముట్టుకు చూశానా? గుర్తులు చూసి బండి తీసేను," అన్నాడు.

ఇప్పుడు ఆ గట్టు మీద సిమెంటు రోడ్డుంది. మా తోటకు వచ్చే డ్రైవర్లు, బరువు కాటాలో తెలుస్తుంది కదండీ అంటారు. ఆయ్ అంటాను. అని, ఒక కాయ తీసి అరచేతిలో ఆడించి చూస్తాను. ఆ తరవాత గంప మోస్తున్న మనిషిని, బరువెలా ఉందమ్మా అని అడుగుతాను. ఆవిడ చెప్పాకే మొదటి గుర్తు పెడతాను.