సొన దిగే డైరీ

నూజివీడులో మా మామిడికాయల షెడ్డులో కాయలు ఏరే ఆవిడ ఒక పాత డైరీలో కాగితం ముక్కలు అంటించేది. అట్టపెట్టెల మీది బొమ్మలు, బస్సు టికెట్లు, శుభలేఖల అంచులు, అన్నీ మైదా జిగురుతో, అన్నీ తలకిందులుగానే.

"అదేంటమ్మా, తిరగేసి అంటించావు?" అన్నాను.

"కోసిన కాయని తొడిమ కిందికే పెడతాం కదండీ. సొన కారిపోవాలిగా, లేకపోతే కాయ మీద మచ్చ పడుతుంది!"

కాగితానికి సొనేంటో నాకర్థం కాలేదు.

ఒక వేసవిలో కాయలకు సొన మచ్చలు పడ్డాయని కోపమొచ్చి, 'రేపటి నుంచి పనికి రావద్దు' అని ఆవిడకు చీటీ పంపాను. తప్పు ఆవిడది కాదని తెలిసి, మరుసటి ఏడు నేనే పిలిపించాను. డైరీతో సహా వచ్చింది. పేజీలు తిప్పి చూస్తే, అందులో నా చీటీ ఒక్కటే తల పైకి, నిటారుగా అంటించి ఉంది.

సొన ఎప్పుడో దిగిపోయిందనా, ఎప్పటికీ దిగదనా?