హెల్మెట్ ఇవ్వని రూఫస్

రూఫస్ టిబిడో కోపిష్టి అని మా జట్టులో అందరికీ తెలుసు. ఆ కోపం ఎక్కడ మొదలైందో మాత్రం హెల్మెట్లు బిగించే నాకే తెలుసు.

లూసియానా చెరకు పొలాల నుంచి వచ్చి అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎనిమిదేళ్లు లైన్‌బ్యాకర్‌గా ఆడాడు. మా ముందు వరసను చీల్చుకుని బంతితో వచ్చేవాణ్ణి పడగొట్టడం అతని పని. ఆరో ఏడు ఒక ఢీకి తల దిమ్మెక్కింది. జట్టు డాక్టరు ఘాటు మందేదో వాసన చూపించి మళ్లీ లోపలికి తోశాడు. ఆ సాయంత్రం కారు పక్కన నిలబడి, "ఎర్ల్, నా కూతురి పేరేంట్రా?" అని నన్నడిగాడు. వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు.

రెండేళ్ల తర్వాత జట్టు యజమానులు అతన్ని ఫోన్లోనే వదిలించుకున్నారు. మళ్లీ వాళ్లే డిఫెన్స్ కోచ్‌గా పిలిచారు. ఎందుకొచ్చావంటే, "నాకింకేం వచ్చని?" అని కసిరాడు. పదకొండేళ్లు చేశాడు. ఎదుటివాడు అడుగు కదపకముందే ఎటొస్తాడో చెప్పేవాడు. అయినా పెద్ద కోచ్ కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా బయటివాణ్ణే తెచ్చారు. చివరగా వచ్చినవాడు గ్రేడీ హాలోవే.

ఆ డిసెంబరులో గెలిచి తీరాల్సిన మ్యాచ్. మా లైన్‌బ్యాకర్ ఓటిస్ లాండ్రీ తల బద్దలయ్యేట్టు ఢీకొని పడ్డాడు. లేచి ఎదుటి జట్టు బెంచీ వైపు నడిచాడు. రూఫస్ వెళ్లి లాక్కొచ్చాడు.

"స్కోరెంత?"

"మా అమ్మ వచ్చిందా కోచ్?"

రూఫస్ అతని హెల్మెట్ తీసి చంకలో ఇరికించుకున్నాడు. హాలోవే పరుగెత్తుకొచ్చాడు.

"బానే ఉన్నాడంటున్నాడు డాక్టరు. పంపించు."

"నాకూ ఇలాగే చెప్పాడు."

"వాడు లేకపోతే ఓడిపోతాం!"

"ఓడిపోదాం. అంత ముచ్చటగా ఉంటే ఇది నువ్వే పెట్టుకుని దిగవయ్యా!"

ఓడిపోయాం. సోమవారం రూఫస్‌ను తీసేసి, పత్రికలవాళ్లకు అతని వ్యూహం బెడిసికొట్టిందని చెప్పారు. పచ్చి అబద్ధం. ఆ రోజు గొడవంతా పక్కనే నిలబడి విన్న నేను నోరెత్తలేదు. తలుచుకుంటే నామీద నాకే కంపరం.

ఓటిస్ కూడా అతని గుమ్మం ముందు నిలబడి, "నా బతుకు నాశనం చేశావ్!" అని అరిచి వచ్చాడు. "మాట తడబడకుండా అరిచాడ్రా. బాగయ్యాడు," అన్నాడు రూఫస్ నాతో.

ఇప్పుడు రూఫస్ సొంతూరి హైస్కూల్లో కోచ్. కిందటేడు పాత ఆటగాళ్లకు సన్మానమని జట్టువాళ్లు నాతో ఫోన్ చేయించారు.

"శుక్రవారం మాకు మ్యాచ్ ఉంది, రాను."

"సన్మానం ఆదివారం రూఫస్."

"అయితే ఆదివారం కూడా ఉందని చెప్పు," అని ఠక్కున పెట్టేశాడు.