కట్టెలు పేర్చి వెళ్లిన ప్రోగ్రాము

కెర్తూ అందరికీ ఉచితంగా ఇచ్చిన ప్రోగ్రాములో ఒక డౌన్‌లోడ్ల సైటు మరో మూడు ప్రోగ్రాములను దాచింది. తయారుచేసినవారి పేరు దగ్గర మాత్రం ఆమె పేరునే ఉంచింది. ఆమెను అడగలేదు.

ఈ సంగతి ఆమెకు జనవరిలో ఒక ఉదయం పొరుగింటి తౌనో వంటింట్లో తెలిసింది. అతను ఆమె ప్రోగ్రామును ఆ సైటు నుంచే దించుకున్నాడు. ఉత్తరాది మంచు దేశంలో, కైనూ అనే ప్రాంతపు అడవుల్లో నలభై గడపల ఊరు వారిది. మంచు బరువుకు చెట్టు విరిగి తీగ మీద పడితే ఇంటర్నెట్టు తెగిపోతుంది. సగం దిగిన ఫైలు మళ్లీ మొదటికి వచ్చేది. ఊరూరా పుస్తకాల బస్సు నడిపే కెర్తూ ఆ విసుగు భరించలేక, పదేళ్ల కిందట తానే ఒక డౌన్‌లోడ్ మేనేజర్ రాసింది. అది తెగిన చోటును గుర్తుంచుకుని, నాలుగు రోజుల తుఫాను తరువాతైనా సరిగ్గా అక్కడి నుంచే అందుకుంటుంది. ఒక్క అక్షరం జారదు.

తౌనో ముప్పై ఏళ్లు అడవిలోని బాటసారుల గుడిసెలను చూసుకున్నాడు. తాళం లేని ఆ గుడిసెల్లో ఎవరైనా తలదాచుకోవచ్చు. వెళ్లేవారు బూడిద ఎత్తిపోసి, రాబోయేవారికి కట్టెలు, పొయ్యి రాజేసే సన్నని పేళ్లు సిద్ధంగా పెట్టి వెళ్లాలి. పొయ్యిని చూసి మనిషిని అంచనా వేయడం తౌనోకు అలవాటు.

"ఏమమ్మా, పిలిచింది నిన్నొక్కదాన్నే కదా, వెంట ముగ్గుర్ని ఎందుకు తీసుకొచ్చావు?" అన్నాడు కాఫీ పోస్తూ. "ఒకటేమో మోకాళ్ల మందు కొనమంటుంది. ఒకటేమో నా కంప్యూటరుకు జబ్బంటుంది. మూడోదేం చేస్తుందో నోరు విప్పదు."

"అవి నేను పంపలేదు, తౌనో."

"మరి ఇక్కడున్న పేరెవరిది, మా అత్తదా? సాయంత్రం ఊరి సంఘం ఇంటికి ఊరంతా కాఫీకొస్తారు. నీ సరుకు పీకి పారెయ్యమని అందరికీ చెప్తాను."

ప్రోగ్రామును పెట్టుకునేటప్పుడు ఆ సైటు చూపిన తెరను కెర్తూ మళ్లీ తెరిచి పరిశీలించింది. 'సరే' బొత్తాం గొడ్డలి తలంత ఉంది. 'వద్దు' అన్న మాట మంచు మీద మంచులా కనిపించీ కనిపించనట్టుంది. గళ్లలో టిక్కులు ముందే పడి ఉన్నాయి. 'ఎవరైనా పంచవచ్చు, మార్చినదాని మీద నా పేరు ఉండరాదు' అని ఆమె ప్రోగ్రాముతోపాటు ఇచ్చిన షరతు ఒకే వాక్యంలో అక్కడే ఉంది. రెండర్థాలకు చోటివ్వని వాక్యం అది.

ఆ మూడింటినీ తొలగించేసరికి మధ్యాహ్నమైంది. తీసేసిన వాటిలో ఒకటైతే రెండుసార్లు తిరిగి వచ్చింది.

"ఇప్పుడు నాది చూడు. ముందు నీ కంప్యూటర్లో ఉన్న ఫైళ్లు లెక్కపెట్టు."

లెక్క కాగితం మీద రాసుకున్నారు. ఆమె తన సొంత పేజీ నుంచి ప్రోగ్రామును దించింది. అది ఒకే ఒక్క ప్రశ్న వేసింది: ఎక్కడ ఉండమంటారు? అడవి పటం ఒకటి సగం దిగాక ఆమె ఇంటర్నెట్టు తీగ లాగేసింది. తరువాత తన ప్రోగ్రామునే తొలగించింది.

తౌనో మళ్లీ లెక్కించి వేలెత్తాడు. "రెండెక్కువున్నాయి! సగం పటం నాదే, సరే. ఆ రెండోదేంటి? నువ్వూ ఆ బాపతేనన్నమాట!"

"తెరిచి చూడు."

మూడు వరుసలున్నాయి. ఈ ఫైలు ఫలానా చోటు నుంచి వస్తోంది. ఇంతవరకు వచ్చింది. మిగిలినదాన్ని ఏ ప్రోగ్రాముతోనైనా తెచ్చుకోవచ్చు.

తౌనో కళ్లజోడు తీశాడు.

"పేళ్లు," అన్నాడు గొంతు తగ్గించి. "తనను వెళ్లగొట్టినా పేళ్లు పెట్టి వెళ్లింది. దీన్నెప్పుడు రాశావు?"

"అన్నిటికంటే ముందు. వెళ్లే దారి రాశాకే వచ్చే దారి రాశాను."

ఆ సాయంత్రం సంఘం ఇంట్లో తౌనో లేచి నిలబడ్డాడు. "కెర్తూ ప్రోగ్రామును పీకెయ్యండి," అన్నాడు. కెర్తూ చేతిలో కప్పు ఆగింది. "పీకేసి, ఏం మిగిల్చి వెళ్లిందో చూడండి. చూశాక మళ్లీ పెట్టుకోండి, ఆమె పేజీ నుంచే."

ఇక ఆ సైటును నడుపుతున్నవారికి, ఈ కథ చెప్పినవారి మాట: ఆమె పేరును ఈరోజే తొలగించండి. మీరు ఎవరెవరి కంప్యూటర్లలో ఏమేమి దాచారో, ఆ ప్రోగ్రామును ఇచ్చిన పేజీలోనే, 'సరే' బొత్తాం అంత పెద్ద అక్షరాలతో ప్రకటించండి. వాటిని ఆనవాలు మిగలకుండా తీసే సాధనాన్ని ఉచితంగా ఇవ్వండి. పిలవని ఇళ్లలో మీరు పోసిన బూడిదను మీ చేతులతో ఎత్తండి.