తోమా తెచ్చిన ఐసు దిమ్మ

మా నర్సీపట్నం చర్చిలో కోత పండుగ మార్చిలో వస్తుంది. ఎవరి పంటలో తొలిభాగం వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెట్టాలి. తర్వాత వేలం. పాట నడిపేది నేను. వడ్లు, బెల్లం, జీడిపిక్కలు, కోడిపుంజులు, అన్నీ నా గొంతు మీదుగా పోవాల్సిందే. సెంటు భూమి లేని తోమా మాత్రం ఐసు దిమ్మ తెచ్చేవాడు.

మొదటి ఏడు అందరం నవ్వాం. ఊకలో పెట్టి, గోనె చుట్టి, పాయకరావుపేట నుంచి బస్సు టాపు మీద తెచ్చాడు. "ఏటి తోమా, ఇది ఏ పొలంలో పండింది?" అని అడిగాను.

"మా గెడ్డలో పండిందండీ" అన్నాడు, నవ్వకుండా.

అబద్ధం కాదు. తొంభైల్లో కొండ దిగువ పారే గెడ్డ మీద విశాఖ షావుకారు ఒకాయన నీళ్ళతో తిరిగే చిన్న కరెంటు మిషను పెట్టాడు. తోమా దానికి ఆపరేటరు. గెడ్డలో నీళ్ళు వానల్లోనే. పాయకరావుపేటలో సింహాద్రిగారి ఐసు ఫ్యాక్టరీకి గిరాకీ ఎండల్లోనే. అందుకని వానల్లో పుట్టిన కరెంటును సర్కారు తీగల్లోకి పంపి జమ వేయించేవారు. మోసినందుకు కొంత కూలి ఇచ్చి, ఎండల్లో సింహాద్రిగారు వాడుకునేవారు. వడ్లు గాదెలో పోసుకున్నట్టే. గెడ్డ ఎండిపోయిన మార్చిలో కూడా తన కరెంటు ఐసు కడుతోందని తోమాకి గర్వం. అది చూస్తే నాకు ముచ్చటేసేది. ఆ దిమ్మకి పాట బాగా పెంచేవాణ్ణి. పాడుకున్నవాళ్ళు పిల్లలందరికీ షర్బతు పోయించేవారు.

రెండువేల రెండు నుంచి పైనుంచి కొత్త ఉత్తర్వులు. మోసే కూలి పెరిగింది. తర్వాత జమ కూడా కుదరదన్నారు. వానల్లో పుట్టింది వానల్లోనే వాడుకోవాలట. వానల్లో ఐసు ఎవడికి కావాలి? రాసినవాళ్ళు గెడ్డ మొహం చూశారా అని నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సింహాద్రిగారు మామూలు కరెంటుకి మారారు. షావుకారు మిషను షెడ్డు మూసి, తాళంచెవి తోమాకిచ్చి వెళ్ళాడు. తోమా సైకిల్ షాపు పెట్టుకున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక మాత్రం షాపులోని గ్రీజు డబ్బా పట్టుకుని షెడ్డుకి వెళ్ళేవాడు. మిషను తుప్పు పట్టకూడదు కదా. "ఉత్తర్వు మారతాదండీ" అనేవాడు.

షెడ్డు మూసిన తర్వాతి పండుగకి ఉత్తచేతులతో వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఇంతలో వాకిట్లో వ్యాను ఆగింది. సింహాద్రిగారు స్వయంగా ఐసు దిమ్మ దింపించారు. తోమా చిన్నబోకూడదని, పాపం, మంచికే తెచ్చారు.

"తోమా పేరు మీద పెట్టండి" అన్నారు నాతో.

తోమా లేచి వచ్చాడు. "ఇది నా పంట కాదండి. ఒగ్గేయండి."

"ఏటి తోమా! తీగలోకెళ్ళాక ఏది ఎవుల కరెంటో ఎవులికి తెలుస్తాది? అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే!" అన్నారు సింహాద్రిగారు.

తోమా మొహం చూడలేకపోయాను. అన్నేళ్ళూ ఆ దిమ్మల్లో తన గెడ్డ ఉందనుకున్నాడు. సింహాద్రిగారన్నది నిజమే. ఆ నిజం వెనకటి పంటలు కూడా పట్టుకుపోయింది.

"దేవుడి ముందు పెడతన్నాం గదండీ. ఆయనకి తెలుస్తాది" అన్నాడు చివరికి, చాలా మెల్లగా.

దిమ్మ మెట్ల మీదే ఉండిపోయింది. పిల్లలు గోల చేస్తే అక్కడే కొట్టించి షర్బతు పోశారు. తోమా భార్య కృపామణి ఒక గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఐసు కరిగేదాకా అలాగే పట్టుకు కూర్చుని, లేచి మందార మొక్క మొదట్లో పోసేశాడు.

తర్వాతి ఆదివారం గ్రీజు డబ్బా షాపులోనే ఉంది.