బాయిలరు చల్లారిన ఓడ

"మంట తీసుకున్నావా?" అన్నాడు మా ఆయన, మంచం మీద నుంచే.

"తీసుకున్నాలే, నువ్వు పడుకోవయ్యా" అన్నాను.

పోయిన సీజనులో, పొదిలి దగ్గర పొగాకు బ్యారన్ పక్కన మేమిద్దరం ఆఖరున మాట్లాడుకున్నది అంతే. పచ్చాకును వేడికి పండించే ఎత్తైన గది బ్యారన్. దాని పొయ్యి చూడటమే మా బతుకు. నాకు సంతకమే వచ్చు. చెబుతుంటే మా చెల్లెలి కూతురు సుజాత రాస్తోంది.

ఆ మాట ఓడలోది, మంట చూసే బాధ్యత నీదైందా అని. పెళ్ళికి ముందు ఆయన నేవీలో డిస్ట్రాయర్ మీద పనిచేశాడు. పెద్ద ఓడలకు కాపలాగా తిరిగే వేగమైన యుద్ధనౌక అది. తెల్లవాళ్ళు తమ యుద్ధంలో వాడి వాడి మనకమ్మారట. ఇక్కడ మళ్ళీ బంగ్లాదేశ్ యుద్ధం చూసింది. ఈయన అడుగున బాయిలర్ దగ్గర, ఆవిరి పుట్టించే మంట చూసేవాడు. డ్యూటీ ఎక్కేవాడు "తీసుకున్నా" అనేదాకా దిగేవాడు కదలకూడదట.

మా పెళ్ళైన కొత్తల్లో, ఆ ఓడను సర్వీసులోంచి తీసేసి ఇనుముకు కోసేస్తున్నారని విశాఖపట్నం నుంచి కబురొచ్చింది. ఆఖరుసారి చూసొస్తానన్నాడు ఈయన. సరిగ్గా అప్పుడే బ్యారన్‌లో ఆకు పసుపు తిరుగుతోంది. మంట తగ్గితే ఆకు నల్లబడుతుంది, మళ్ళీ మమ్మల్ని ఎవరూ పనికి పిలవరు.

"చచ్చే ఓడ కోసం బతికున్న ఆకును వదిలేస్తావేంట్రా?" అని బ్యారన్ రైతు అరిచాడు.

"వదలట్లేదండీ. మా ఆడమనిషికి అప్పజెప్పి పోతా."

"పొయ్యి మీద కూరనుకున్నావా?"

"కూర మాడితే ఈయనొక్కడే తిడతాడు. ఇది మాడితే మీరూ తిడతారు, నాకు తెలవదా?" అన్నాను.

మా ఆయన నవ్వలేదు. "మంట తీసుకున్నావా?" అన్నాడు.

"తీసుకున్నా. బస్సెళ్ళిపోద్ది, పో."

కళ్ళు మండిపోయాయి గానీ ఆకు బంగారు పసుపు రంగులో దిగింది. ఆయన తిరిగొచ్చి ఆకును తడిమి చూశాడు. "బాయిలర్ మీద చెయ్యేశానే. చల్లగా ఉంది. యుద్ధంలో కూడా ఎన్నడూ ఉత్త చేత్తో ముట్టుకోలేదు" అన్నాడు.

పోయిన సీజనులో, తెల్లారి పొయ్యిలో కట్టెలు సర్ది వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంటే నాకూ అట్టాగే చల్లగా తగిలింది. లోపల ఆకు ఇంకా పసుపు మీదే ఉంది. అందరూ ఏడ్వడానికి వచ్చారు గానీ, మంట తీసుకుంటానని ఎవరూ అనలేదు. ఆ ఆకును నేనే దించాను.

ఈ పనిలో నేను నేర్చిందొకటే. మంట తీసుకోవడం ఎట్టాగో వస్తుంది. అప్పజెప్పడానికి మనిషి ఉండాలి.

చాలమ్మా సుజాతా. ఇప్పుడు మొదట్నుంచి చదివి వినిపించు. ఆయన మాట దగ్గర కాస్త నిదానంగా.