నీళ్ల మొగిలి

ముందు నీళ్లు చల్లకుండా మా ఆయన లోకంలో దేన్నీ విప్పేవాడు కాదు. పేరు మొగిలి, పని కార్ల మెకానిక్. రాయదుర్గం రోడ్డు పక్కన రేకుల షెడ్డు. పేరు రాయించి బోర్డు పెట్టుకున్నాడుగానీ దాన్ని ఒక్కరూ చదివిన పాపాన పోలేదు. అందరికీ ఆయన నీళ్ల మొగిలే.

పాత అంబాసిడర్ వచ్చినా, ఫియట్ వచ్చినా, చక్రం ఊడదీసి బ్రేకు డ్రమ్ము మీద చెంబుతో నీళ్లు పోయాల్సిందే. మూతికి తడి తువ్వాలు చుట్టుకోవాల్సిందే. మిగతా షెడ్లలో వాళ్లు డ్రమ్ము విప్పి ఉఫ్‌మని ఊదేవాళ్లు, లేకపోతే గాలిపైపు పెట్టి కొట్టేవాళ్లు. నల్లటి దుమ్ము లేచి రోడ్డు దాటేది. మా ఆయన మాత్రం పసిపిల్ల ముక్కు తుడిచినట్టు తడిగుడ్డతో మెల్లగా తుడిచేవాడు.

అప్పుడప్పుడే మా వైపు కంప్యూటర్ ఆఫీసులు లేస్తున్నాయి. మాదాపూర్‌లో గుండ్రటి పెద్ద బిల్డింగు కడుతున్నారు, చుట్టూ గుట్టలు పేలుస్తున్నారు. ఢాం అన్నప్పుడల్లా ఆకాశమంతా దుమ్ము. ఆయన చెంబు పట్టుకుని బయటికొచ్చి, ఎక్కడినుంచి తడపాలో తెలియనట్టు పైకి చూస్తూ నిలబడేవాడు.

ఆ ఆఫీసుల్లో పనిచేసే పార్థసారథి గారిది పాత ఫియట్. ఆయనకు ఎప్పుడూ తొందరే.

"ఏవండీ మొగిలి గారూ, గాలి కొడితే నిమిషంలో అయిపోతుంది కదండీ!"

"అయితది సారూ. దుమ్ము యాడికి పోతది మరి? మీ ముక్కులకే గదా."

"తడిస్తే బ్రేకు పడుతుందంటారా?"

"ఆరినంక పడ్తది. జర కూసోండ్రి, చాయ్ తాగుండ్రి."

చాయ్ కొట్టు పక్కనే ఉండేది, రుక్కమ్మది. డ్రమ్ము విప్పే ముందు ఆయన ఆమె గిన్నెల మీద మూతలు పెట్టించేవాడు. ఆమెకు ఒళ్లు మండిపోయేది.

"నా చాయ్ మీద గూడ నీళ్లు చల్తవా ఏంది?"

"అండ్ల ఎప్పుడో కలిసినయ్ గదక్కా!"

ఎండాకాలం ట్యాంకరు వస్తే బస్తీ అంతా తాగడానికి పట్టుకునేది, మా ఆయన బ్రేకులకు పట్టుకునేవాడు. అలవాటు ముదిరి ఇంట్లోకీ వచ్చింది. శనగపిండి డబ్బా తీస్తుంటే చెంబుతో వచ్చేవాడు. గణేశ్ నిమజ్జనానికి అందరూ గులాల్ చల్లుకుంటుంటే ఈయన దాన్ని తడిపి ముద్దలు చేసిపెట్టాడు. ఆ ముద్ద తగిలినవాడు పండగంతా చెంప పట్టుకునే తిరిగాడు.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉండేది. నాకు నవ్వు రానిది ఒక్కటే. తన ఖాకీ బట్టలు నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. షెడ్డు వెనకే స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని, ఖాకీవి అక్కడే బకెట్లో ముంచి తనే ఉతుక్కునేవాడు. పెళ్లైన కొత్తలో నేనే ఉతికేదాన్ని. గడప బయట నిలబడి ఫట్‌ఫట్‌మని దులిపి మరీ నానబెట్టేదాన్ని. ఒకరోజు ఉన్నట్టుండి బంద్ పెట్టాడు. ఎందుకంటే చెప్పడు.

మా అత్త పోచమ్మ తల బాదుకునేది. "పెండ్లాముండంగ మొగోడు బట్టలు ఉతుక్కునుడేందిరా? బస్తీ అంత నవ్వుతున్రు."

"నాకు ఉతుకుడంటే ఇష్టమే అమ్మా."

"గట్లయితే నా చీరెలు గూడ ఉతుకు!"

మర్నాటినుంచి అవీ ఉతికాడు. వేరే బకెట్లో.

రుక్కమ్మ ఒకనాడు నన్ను పక్కకు పిలిచింది. "జర చూసుకో సాయమ్మా. మొగోడు అంగీ దాస్తుండంటే అంగీకి ఏదో అంటినట్టే. పౌడరో, కుంకుమో."

ఆ మాట చెవిన పడ్డాక నాకు అన్నం సయించలేదు. నామీద మనసు లేకపోతే ఆ ముక్క చెప్పొచ్చు కదా, ఈ అంగీలు దాచడమెందుకు? మధ్యాహ్నం నేరుగా షెడ్డుకు పోయాను. ఆయన కారు కింద ఉన్నాడు, కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. మేకుకు ఖాకీ అంగీ వేలాడుతోంది. ఏం రాలుతుందో చూద్దామని రెండు చేతులా పట్టి ఎత్తాను.

"ఓ సాయమ్మా! దులుపకు!"

అప్పటికే దులిపేశాను. ఆయన కారు కిందినుంచి దొర్లుకుంటూ వచ్చి, బకెట్ ఎత్తి, అంగీ మీదా నామీదా ఒక్కసారే కుమ్మరించాడు. నెత్తి నుంచి కాళ్లదాకా తడిసి రోడ్డు మీద నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే పార్థసారథి గారు ఫియట్ దిగారు.

"ఏవండీ, ఈవిడ్ని కూడా సర్వీసింగ్‌కి ఇచ్చారా?"

రుక్కమ్మ నవ్వు రోడ్డు అవతలికి వినిపించింది. నాకు ఏడుపొచ్చింది.

"ఏం దాస్తున్నవయ్యా గా అంగీల?"

"దుమ్ము."

"దుమ్మెవలన్న దాస్తరా?"

"ఇంటికి పో. జలుబు చేస్తది."

ఇక ఆయనతో మాట్లాడటం మానేశాను.

ఆ వారంలోనే ఆయన ఉస్తాద్ రామాంజనేయులు మా ఇంటికి వచ్చాడు. కడప వైపు మనిషి, ప్రగతి నగర్‌లో ఉండేవాడు. మా ఆయనకు పని నేర్పింది ఆయనే. చాయ్ ఇచ్చి, కడుపులో ఉన్నదంతా కక్కేశాను. "మీరే అడుగుండ్రి పెద్దయ్యా."

ఆయన నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"మా ఇంటామె సుబ్బమ్మకు దగ్గు ఉండాది గదమ్మా. బ్రేకు పట్టీల్లో రాతినార, అదే ఆస్బెస్టాస్, ఉంటాదంట, దాని దుమ్ము పోయి ఊపిరితిత్తుల్లో నాటుకుంటాదంట. నువ్వు ఏ షెడ్డులో పని చేసినావని డాక్టరు దాన్ని అడిగినాడు. అది యాడ చేసిందమ్మా? నా బట్టలు దులిపి ఉతికింది, అంతే. ఆ పొద్దు మొగిలి మా పక్కనే ఉన్నాడు."

నా చూపు గడప మీదికి పోయింది. అడిగాను, "మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వూ కొన్నాళ్లు ఉతికినావంట గదా. తెలిస్తే తుమ్మొచ్చినా భయపడతావని. తిడితే తిట్టనీలే అన్నాడు."

సాయంత్రం ఆయన వచ్చేసరికి తువ్వాలు తడిపి చేతికిచ్చాను. తువ్వాలు వంక, నా మొహం వంక చూశాడు.

"ఉస్తాద్ వచ్చిపోయిండా?"

"ఆఁ."

"ఏమన్న చెప్పిండా?"

"అత్త చీరెలు మంచిగ ఉతుకుతున్నవంట. నావి గూడ ఉతకమన్నడు."

ఉతికాడు కూడా, అదీ వేరే బకెట్లో.

ఇప్పుడు ఆ షెడ్డు చోట అద్దాల మేడ ఉంది. పోయిన ఏడు గుండె ఆగి ఆయన వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఈనాటికీ దగ్గు లేదు. గోడ మీద ఆయన ఫోటో ఉంది. స్టూడియోవాడు ఎంత బతిమాలినా మూతి బిగించుకునే దిగిన ఫోటో. దానిమీద దుమ్ము పడితే పొడిగుడ్డ పెట్టబుద్ధి కాదు, ముందు తడుపుతాను. తడిపీ తడిపీ నీళ్లు అద్దం లోపలికి దిగి కాగితం మూతి దగ్గర ఉబ్బింది.

మొన్న రుక్కమ్మ వచ్చి ఫోటో ముందు ఆగిపోయింది.

"ఏందే సాయమ్మా, మొగిలి నవ్వుతుండేంది?"

"ఎందుకు నవ్వడు అక్కా? నీళ్లు చల్లుతున్న గదా!"